గవర్రాజు గారి పేరున్న గిన్నె

నేను ఒక స్టీలు గిన్నెను. నా నడుము మీద 'గృహప్రవేశ శుభాకాంక్షలతో, గవర్రాజు దంపతులు, కాకినాడ' అని చెక్కి ఉంటుంది. బజారులో మిషనుతో ఆ అక్షరాలు టకటకా పొడిచినప్పుడు నా పక్కనే నా కవల కూడా ఉంది. మేం జత గిన్నెలం. రాజ్యలక్ష్మి కొత్తింట్లో పాలు పొంగించిన రోజున పక్కింటి గవర్రాజు గారు మమ్మల్ని కానుకగా ఇచ్చారు. నా కవల వంటింట్లో పప్పుగిన్నెగా స్థిరపడింది. సొట్టపడ్డ నేను మాత్రం పెరట్లో డుంబు అనే కుక్కకు దక్కాను.

ఒకసారి గోడ మీంచి చూసిన గవర్రాజు గారు, "ఏవండీ చెల్లెమ్మగారూ, మీ కుక్క నా పేరు నాకేస్తోందండీ!" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, ఆ తర్వాత రెండిళ్ళ మధ్య మాటలు తగ్గాయి.

పచ్చిమాంసం పెడితే కుక్కకు పులి బలం వస్తుందని రాజ్యలక్ష్మి ఫోనులో చూసింది. అది మాంసం ముట్టని ఇల్లు. "తెచ్చుకుంటే తెచ్చుకోండి. నా పొయ్యి ఎక్కకూడదు, ఫ్రిజ్జులో దూరకూడదు" అని అత్తగారు కామేశ్వరమ్మ తేల్చి చెప్పారు. ఉడికించనక్కర్లేదని ఫోను, ఉడికించకూడదని అత్తగారు. ఆ ఇద్దరికీ అంత చక్కగా పొత్తు కుదిరేసరికి నాకు అప్పుడే అనుమానం వేసింది.

పొద్దున తెచ్చిన కోడిముక్కలు మధ్యాహ్నం దాకా పెరట్లో బుట్ట కింద మగ్గేవి. డుంబు తిన్నాక నన్ను తోమేవారు కాదు. నన్ను ముట్టిన పీచు వంటింటి గిన్నెలను ముట్టకూడదట! దూరం నుంచి గొట్టంతో నీళ్ళు కొట్టేవారు. నా అంచు మడతలో జిగురు అలాగే ఉండిపోయేది. దాని సంగతి నాకూ ఈగలకూ మాత్రమే తెలుసు.

ఒక రోజు డుంబు నెత్తురు విరేచనాలతో కూలబడింది. రాజ్యలక్ష్మి నన్ను చూసింది, నా మీది పేరు చూసింది, తర్వాత గోడవైపు చూసింది.

"ఏవైందండీ కుక్కకి?" గవర్రాజు గారు తొంగిచూశారు.

"మీకు తెలీదా అన్నయ్యగారూ?"

"నాకెలా తెలుస్తుందండీ?"

"ఏమో మరి, గోడ మీంచి చూసేది మీరేగా!"

ఆయన తల గోడ వెనక్కి దిగిపోయింది. రాజ్యలక్ష్మి నన్ను కడక్కుండా కవర్లో చుట్టి, సాక్ష్యంగా ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఇందులో పక్కింటాయన ఏదో కలిపారండీ" అంది.

పశువుల డాక్టరు నఫీసా గారు నా అంచు మడతలో దూది తిప్పి, వాసన చూసి మొహం చిట్లించారు. "కుక్కకు ఏం పెడుతున్నారు?"

రాజ్యలక్ష్మి అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ, బుట్ట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించింది.

"పక్కింటాయన అక్కర్లేదమ్మా, మీ ఎండే చాలు. పచ్చిమాంసంలో కంటికి కనిపించని క్రిములుంటాయి. కుక్కకే కాదు, మీ చేతులకూ అంటుతాయి. ఇక నుంచి ఎముకలు తీసేసి, బాగా ఉడికించి పెట్టండి. గిన్నె సబ్బుతో తోమండి."

"ఉడికించాలా? మా అత్తగారు..."

"అత్తగారిని అడిగి రండి. కుక్క బతికే వీలుంది, ఈలోగా సెలైను ఎక్కిస్తాను."

రోజూ తన జపం పూర్తయ్యేదాకా కాళ్ళ దగ్గర పడుకునే కుక్క లేక, కామేశ్వరమ్మ గారు ఆ పూట రెండుసార్లు లెక్క తప్పారు. కోడలి మాట పూర్తిగా విన్నారు. తర్వాత, "అటక మీది కుంపటి దింపించు. పెరట్లో పెట్టు" అన్నారు. డుంబు ఇంటికొచ్చిన నాడు ఆవిడే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, దూరంగా నిలబడి, "మెత్తబడిందా? మళ్ళీ చూడు" అంటూ కుంపటి దగ్గరి కోడలిని ఊపిరి తీసుకోనివ్వలేదు.

క్షమించమని అనడానికి రాజ్యలక్ష్మికి నోరు రాలేదు. నా కవలలో పులిహోర పెట్టి గోడ మీదుగా అందించింది. గవర్రాజు గారు పులిహోర కంటే ముందు దాని మీది పేరు చదువుకున్నారు.

"చెల్లెమ్మగారూ, తప్పుగా అనుకోకండి. ఇది... ఏ గిన్నెండీ?"

ఆమె మొహం కందిపోయింది. డుంబు వైపు వేలు చూపించింది. ఆయన గోడ దగ్గర మునివేళ్ళ మీద లేచి, డుంబు మూతి కింద ఉన్న నన్ను చూశారు. నా సొట్ట చూశారు. చేతిలోని గిన్నెను చుట్టూ తిప్పి, దానికి సొట్ట లేదని తేల్చుకున్నారు.

అయినా మొదటి ముద్ద వాసన చూసే తిన్నారు.