రిఫ్యూజ్ అంటే

ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ ఆ బడిలో చేరి మూడు నెలలైనా కాలేదు. అప్పుడే పెద్దసారు ఆమెను రెండుసార్లు పిలిపించి మందలించారు. కారణం ఒక్కటే, గోల. ఆమె పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒకరిని లేపి, బోర్డు మీద రాసిన కొత్త మాటల్లో ఒకటి చెవిలో చెప్పేది. నోరు విప్పకుండా దాన్ని చేసి చూపాలి. ముందు కనిపెట్టిన జట్టుకు ఒక గీత. ఇక గది దద్దరిల్లిపోయేది.

"ఒక్కో మాట పదిసార్లు రాయించండి. మేమంతా అలా నేర్చుకున్నవాళ్లమే" అన్నారు పెద్దసారు.

"రాయించాను సార్. మర్నాడు అడిగితే తెల్లమొహాలు వేశారు."

"రేపట్నుంచి ఆటలు బంద్. అర్థమైందా?"

"అర్థమైంది సార్. కానీ ఆపను."

నెమ్మదిగానే అంది.

మర్నాడు ఆట మంచి పట్టుమీద ఉండగా పెద్దసారు గుమ్మంలో నిలబడ్డారు. గది చప్పున చల్లబడింది. ఆయన బోర్డు మీది పన్నెండు మాటలూ చూసి, చివరి బల్లమీది పిల్లను లేపారు. వాగుడుకాయ అని అందరూ పిలిచే పిల్ల.

"ఏమ్మా, రిఫ్యూజ్ అంటే ఏంటి?"

ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. నోరు మెదపలేదు.

"చెప్పు."

అడ్డంగా తలూపింది.

"అయితే ఇలా రా."

కదల్లేదు. పైగా గడ్డం పైకెత్తింది.

పెద్దసారు మొహం కందగడ్డయింది. "పిలుస్తుంటే రావా? అంత పొగరా?"

"అయ్యో, అదే సార్ రిఫ్యూజ్ అంటే! చెప్పమంటే చెప్పను, రమ్మంటే రాను. మాట్లాడితే మా జట్టు ఓడిపోతుంది కదా, అందుకని చేసి చూపించా."

పిల్లలు పగలబడి నవ్వారు. మిగతా పదకొండు మాటలూ ఆయన ఒక్కొక్కరిని ఒక్కోటి అడిగారు. తొమ్మిదింటికి జవాబులొచ్చాయి. వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, ఆరో తరగతిని మైదానం చివర రేకుల షెడ్డులోకి మార్చమని. రెండోది, టీచరమ్మ సంతకం పెట్టాల్సిన క్షమాపణ పత్రం.

"సంతకం గీకి పడెయ్యమ్మా, నీ సొమ్మేం పోయింది?" అన్నారు లెక్కల మాస్టారు.

"ఆ పిల్లల మొహం ఎలా చూడను మాస్టారూ?"

పెద్దసారు బల్లమీద ఆ పత్రాన్ని సంతకం లేకుండానే పెట్టింది. "షెడ్డుకి వెళ్తాం సార్. తప్పు చేశానని మాత్రం సంతకం పెట్టను."

ఆయన ఆ పత్రాన్ని సొరుగులోకి తోశారు. "వెళ్లండి" అన్నారు.

పిల్లలే బల్లలు మోశారు. షెడ్డు నిండా బూజు, విరిగిన కుర్చీలు. టీచరమ్మ కొంగు బిగించి చీపురందుకుంది. వాగుడుకాయ రేకుల కప్పు వైపు చూసి అడిగింది.

"టీచర్, ఇక్కడ ఎంత అరిచినా ఎవరికీ వినపడదు కదా?"

"వినపడదు."

"అయితే ఇంకా గట్టిగా ఆడదాం!"

"ముందు ఊడవండి" అంటూ టీచరమ్మ అప్పుడే జట్లు విడదీయసాగింది.