దిగని డిస్కస్

జాబ్రియాలోని ఆ అరబ్బుల ఇంట్లో సాయంత్రం అసర్ నమాజు అజాన్ వేళకు మేడ మీది బట్టలు తీసేయాలి. పనిమనిషి రెడ్డెమ్మ ఎప్పుడో విసిరిన డిస్కస్ రోజూ ఆ సమయానికే జుయ్యిమంటూ ఇంటి మీదుగా పోతుంది. రెండుసార్లు బట్టల తీగ తెంపాక రెడ్డెమ్మ మామా అని పిలిచే యజమానురాలే ఈ కట్టుబాటు పెట్టింది. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

రాయచోటి వైపు జావెలిన్, డిస్కస్ పట్టిన మొదటి ఆడపిల్ల రెడ్డెమ్మ. జావెలిన్ కొనే స్తోమత లేక వెదురుబొంగు చెక్కుకుని విసిరేది. విసిరినదాన్ని పరుగెత్తి తెచ్చేది చెల్లెలు కళావతి. ఎంత మంచి రోజులవి! ఎనభై ఎనిమిదిలో, కడపలో జిల్లా పోటీలు. రెడ్డెమ్మ తొలి విసురుకే డిస్కస్ పైకి లేచింది, ఇక దిగలేదు. కళావతి మైదానం దాటి, శనగచేలు దాటి వెతికి, పొద్దుగూకాక ఏడుస్తూ వట్టి చేతులతో తిరిగొచ్చింది.

అంపైర్ అబ్బాస్ సార్ నిక్కచ్చి మనిషి. డిస్కస్ నేల తాకకముందే, విసిరినవాళ్లు తాము నిలబడ్డ వలయం దాటితే ఫౌల్. అలాగని ఆడపిల్లను మైదానంలో ఎన్నాళ్లు నిలబెడతారు? ఆమె ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి ప్రహరీయే వలయమని కాగితం రాసి ముద్ర వేశాడు. ఇల్లు మారితే కొత్త కాగితం. రెడ్డెమ్మ పెట్టెలో, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు పక్కనే అదీ ఉంటుంది. తన పేరు పక్కన కొలత పడాలన్న ఒక్క ఆశతో ఇరవై రెండేళ్లుగా ఆమె ఈ గేటు దాటలేదు. సెలవు తీసుకోమని మామా పోరు పెట్టినా వినలేదు. కళావతి ఉండేది ఎగైలాలోనే, బస్సెక్కితే గంట ప్రయాణం. కానీ కళావతిని పనికి పెట్టుకున్న కఫీల్ ఆమెను బయటికి పంపే రకం కాదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కళావతి ఫోన్ చేసింది. ఇఖామా ఖలాస్, గడువైపోయింది అంది, రాత్రికే విమానం అంది, ఇక రానంది.

"ఎన్ని మార్లు నీకోసరం పరిగెత్తినానో. ఈ ఒక్క మారు నువ్వు రా అక్కా."

దాటితే ముప్పై ఏడేళ్ల ఎదురుచూపు నీళ్లపాలు. దాటకపోతే చెల్లెలు లేదు. రెడ్డెమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మామాకు చెప్పి చెప్పులేసుకుంది. వలయంలోంచి వెనక సగం వైపునుంచే బయటికి రావాలన్నది నియమం కాబట్టి పెరటి వైపు ప్రహరీ తలుపు తీసింది.

కుడికాలు గడప దాటిందో లేదో, పెరట్లో దబ్బుమని చప్పుడైంది. ఖర్జూరం చెట్టు మొదట్లో డిస్కస్, ఇంకా గోరువెచ్చగా ఉంది. వంటింటి కిటికీలోంచి చూసిన మామా, బస్సు తప్పిపోతుంది, యల్లా, పద పద అంది.

బస్సులో కూర్చుని, డిస్కస్ ఒళ్లో పెట్టుకుని, రెడ్డెమ్మ రాయచోటికి ఫోన్ చేసింది. పడిందని చెబితే, ఎనభై దాటిన అబ్బాస్ సార్ ఒక్కటే అడిగాడు.

"కాలు ముందా, డిస్కస్ ముందా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చూసింది మామా ఒక్కతే, ఆమెకు తెలుగు రాదు.

"కాలే సార్."

అవతల కలం గీసిన చప్పుడు వినిపించింది. ఇన్నేళ్ల ఖాళీ గడిలో ఫౌల్ పడింది. రెడ్డెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏడవద్దమ్మా. అది మొదటి విసురే కదా, నీకింకా రెండుండాయి. ఏసినాక తెచ్చిచ్చేదానికి చెల్లెలుందా?"

"దాని దగ్గరికే పోతాండా సార్."