పైన గట్టి, అడుగున మెత్తన

ముప్పై ఏళ్ళు సినిమా స్టూడియోల్లో దీపాలు మోశాను. తొంభై ఏడులో మద్రాసు చూలై పేటలో దీపాలు బాగుచేసే దుకాణం నడుపుతుండేవాణ్ణి.

ఒక ఉదయం రాయపురం పళ్ళ డాక్టరమ్మ సంయుక్త పిలిపించింది. పంటి గుంటలో ముద్ద పెట్టి, లైటు గన్నుతో నీలం వెలుతురు చూపిస్తే ముద్ద రాయవుతుంది. గన్నులో నీలం అద్దం పగిలింది. కొత్తది బొంబాయి నుంచి రావాలి.

“అందాకా ఏదన్నా చెయ్యి తాతా.”

షూటింగులో పగటి వెలుతురు కావాలంటే దీపానికి నీలం కాగితం కట్టేవాళ్ళం. నా దగ్గర మిగిలిన ఆ కాగితం ముక్కే అద్దం చోట బిగించాను. నీలంగానే వెలిగింది. డాక్టరమ్మ చీటీ మీద ముద్ద పెట్టి, వెలుతురు చూపి, గోటితో తట్టింది. టక్కుమంది.

“సూపర్ తాతా!”

చీటీ జేబులో వేసుకుని వచ్చేశాను.

మధ్యాహ్నం అన్నం ముందు చీటీ తీశాను. ఊరికే. ముద్దను ఒలిచి తిరగేసి గీకాను. అడుగు మైనంలా గోటికొచ్చింది. కాగితం దాటిన వెలుతురు అడుగుదాకా దిగలేదు.

అన్నం వదిలేశాను. రాయపురం బస్సు రాలేదు. నిలవలేక నడిచాను. సగం దూరంలో బస్సు నన్ను దాటిపోయింది.

“ఎవరికన్నా పెట్టినావా అమ్మా?”

“ఒకరికే. చేపలమ్మే లూర్దుమేరికి, దవడ పన్నుకి. ఏమైంది?”

చీటీ ఇచ్చాను. గీకి చూసింది. “నేను పైనే తట్టినా తాతా.”

“కాగితం నాది. నేనే పిల్చుకొస్తా.”

హార్బరు దగ్గర లూర్దుమేరి కొత్తగా పూడ్చిన పన్ను నలుగురికీ చూపించి, మురుకు నోటికెత్తుతోంది.

“ఆ పక్క నమలబాకమ్మా!” అని అరిచాను. అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు.

“ఏంది పెద్దాయనా, మురుక్కి కూడా పోలీసా?” అందరూ నవ్వారు.

“ముద్ద అడుగున పచ్చిగా ఉండాది. నేను చేసిన లైటు తప్పు. తోడి మళ్ళీ పెట్టాల.”

“అయ్యయ్యో, మళ్ళీ ఆ మిషనా! తోడకపోతే?”

“లోన పుచ్చుతాది.”

మురుకు గంపలో పడేసింది. “అట్లయితే నువ్వూ రా. నా పక్కన్నే కూర్చోవాల.”

కూర్చున్నాను. తోడుతున్నంతసేపూ నా మణికట్టు వదల్లేదు. చేతికి చేప పొలుసులంటుకున్నాయి. డాక్టరమ్మ తాత్కాలికంగా సిమెంటు పెట్టింది.

తొమ్మిదో రోజు అద్దం వచ్చింది. బిగించి, ముందు చీటీ మీద ముద్ద గట్టిపరిచి, ఒలిచి, తిరగేసి లూర్దుమేరికిచ్చాం. చేపలు గీకే గోరుతో అడుగంతా గీకింది.

“ఊఁ. ఇప్పుడు పెట్టు డాక్టరమ్మా.”

ఆ ముద్ద నేను తెచ్చుకున్నాను. రాయే. అయినా బస్సులో రెండుసార్లు తిరగేసి గీకాను.