మూత పెట్టుకున్న నత్త

ఇస్త్రీ రోలరు నోటికి మరో తడి దుప్పటి అందించి, అంచులు సర్దుతూ ఆమె గోడగడియారం వైపు చూసింది. పదకొండున్నర. ఇందాక చూసినప్పుడు పదకొండూ ఇరవై ఎనిమిది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఆ గదిలో, ముప్ఫై ఏళ్ళ ఆవిరికి ఉబ్బిన వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కాళ్ళు మాత్రం కుదురుగా నిలవడం లేదు.

"ఏంటక్కా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంది అవతల దుప్పట్లు మడతపెట్టే ఆవిడ.

"మా నత్త మూడు రోజులుగా బయటికి రాలేదు."

"బయల్దేరే ఉంటుందిలే. ఇంకా గడప చేరలేదంతే."

ఆమెకూ నవ్వొచ్చింది. వచ్చినంత త్వరగానే పోయింది.

అది మామూలు నత్త కాదు. టీగ్లాసంత గుల్ల, దాని నిండా గోధుమరంగు చారలు. రంగుచేపలమ్మే దుకాణదారు ఇచ్చాడు. ఆమె భర్త పాతికేళ్ళు దూరప్రయాణాల బస్సు నడిపాడు. వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఉన్న రెండు రోజులూ ఆయనకు నిద్ర, ఆమెకు పని. నిరుడు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక ఆయన కుర్చీకి అతుక్కుపోయాడు. ఇంట్లోనే ఉండే మొగుడితో ఏం మాట్లాడాలో తెలియక ఆమె తుడిచిన గదినే మళ్ళీ తుడిచేది. ఆయన నత్తకు "ఎక్స్‌ప్రెస్" అని పేరు పెట్టి, ఎడమ మణికట్టు మీద ఎక్కించుకుని, అది మోచేతి దాకా పాకడం కళ్ళార్పకుండా చూసేవాడు. ఇప్పుడది గుల్ల నోటికి తెల్లటి పొర బిగించుకుని పడుకుంది. ఈ పొద్దున ఆయన పాలు సగమే తాగి, "బండాగింది," అన్నాడు.

భోజనాల గంట మోగగానే ఆమె చేపల దుకాణానికి పరుగెత్తింది.

"వాసన చూశావా అమ్మా?" అన్నాడు దుకాణదారు.

"చూశానండీ. ఏం లేదు."

"అయితే బతికున్నట్టే. గాలి పొడిగా ఉంది కదా, మూతేసుకుంది. గోరువెచ్చటి నీళ్ళు పోసి చూడు. లేవకపోతే అచ్చం అలాంటిదే ఇంకోటిస్తా. ఆయనకేం తెలుస్తుంది?"

"చారలతో సహా తెలుసు ఆయనకి," అంటూనే ఆమె మెట్లు దిగింది.

ఇంటికొచ్చి నత్తను గిన్నెలో పెట్టి నీళ్ళు పోసింది. పొర కదల్లేదు. పొయ్యి తుడిచింది. కిటికీ తెరిచింది, మూసింది.

"కూర్చో," అన్నాడాయన.

"పనికెళ్ళాలి."

ఆయన ఎడమచెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ముళ్ళమీద కూర్చున్నట్టే ఉంది. మోకాలు ఊగుతుంటే ఆయన దానిమీద అరచెయ్యి ఉంచాడు.

"ఘాట్ రోడ్డు," అన్నాడు, మాట మాట కూడదీసుకుంటూ. "పొగమంచు. అయినా... తొందరే."

"ఎందుకండీ అంత తొందర?"

"ఇంటికి."

ఆమె ఇంక గడియారం చూడలేదు. ఎంతసేపటికో పొర మెత్తబడి ఊడిపోయింది. నల్లటి మెత్తని ఒళ్ళు జారి, రెండు కొమ్ములు నిదానంగా సాగాయి. ఆమే దాన్ని తీసి ఆయన ఎడమ చొక్కాచేతి అంచున పెట్టింది. ఆయన మూతి ఒకవైపు నవ్వింది.

టీ పెట్టుకుని వచ్చేసరికి నత్త మోచెయ్యి దాటి భుజమెక్కింది.

"చూశారా, ఎంత దూరం పోయిందో," అంది.

ఆయన తల కుర్చీవీపు మీద వాలి ఉంది. ఆమె రెండుసార్లు పిలిచింది. టీ కింద పెట్టి చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. ఎవరినీ కేకెయ్యలేదు. పీట మీద మళ్ళీ కూర్చుని, ఆ చెయ్యి చల్లబడే దాకా పట్టుకునే ఉంది.

సాయంత్రానికి ఇరుగుపొరుగు చేరారు. ఆయనకు ఒళ్ళు తుడిచి బట్టలు మార్చారు. విప్పిన చొక్కాను ఎవరో ఉతికే బట్టల్లో వెయ్యబోతే ఆమె అందుకుని కుర్చీకి తగిలించింది. లేతనీలం చొక్కా. ఎడమచేతి అంచు నుంచి భుజం దాకా, ఎక్కడా తెగకుండా, ఆరిపోయి మెరుస్తున్న ఒక సన్నటి చార.