గుడ్డ కింద చెయ్యి

ఈరక్క పొద్దున్నే లేచి జొన్నరొట్టెలు కొడుతుంది. పొయ్యి సెగకు నాలుక పిడచకట్టుకపోతుంది. పక్కనే బిందె నిండా నీళ్ళుంటాయి. నోరు పుక్కిలించి ఉమ్మేస్తుంది గానీ గుటక మింగదు. ఆదోనిలో పత్తిమిల్లుకు పోయే ఆడవాళ్ళు చానామంది పొద్దున నీళ్ళు తాగరు. ఈరక్క పనిచేసే మిల్లులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. ఆఫీసు వెనక ఒకటుంది. దానికి తాళం. తాళంచెవి మేనేజరు వీరభద్ర జేబులో ఉంటుంది. ఆడవాళ్ళు ప్రహరీ దాటి, లారీలు నిలిపే బయలుకు పోవాలి. ఒకరు కూర్చుంటే ఒకరు కొంగు పరిచి అడ్డం నిలబడాలి. డ్రైవర్లు చూడనట్టే చూస్తారు. అందుకని ఎవరూ తాగరు. దినమంతా పత్తిలో చెత్త ఏరుతూ, దుమ్ము మింగుతూ, దప్పిని అట్లే కూర్చోబెట్టుకుంటారు.

ఎండాకాలంలో మిల్లులో పనిచేసే శివలీల అనే పిల్ల, మూత్రంలో మంట పుట్టి, జ్వరం తగిలి, పెద్దాసుపత్రిలో పడింది. అప్పుడు మిల్లు ఆడవాళ్ళంతా జమీలాబీ నడిపే సంఘంలో చేరారు. సంఘానికి గుర్తింపు వచ్చింది. అడిగింది ఒకటే. ఒక దొడ్డి, దానికి ఒక తలుపు.

జమీలాబీ చట్టం సంగతి కూడా చెప్పింది. "పిలిస్తే వచ్చి కూచుంటే చాలదంట అక్కా. ఒప్పుకోవాల్నని లేదు గానీ, తేల్చుకునే మనసుతో మాట్లాడాలంట. ఉత్తుత్తగా కాలం గడిపితే అది మిల్లోళ్ళ తప్పే."

ఈరక్కకు ఆ మాట కొత్తగా అనిపించలేదు. మొగుడు హనుమన్న ఎద్దుల దళారి. పెళ్ళైన కొత్తలో సంతకు బువ్వ తీసుకపోయినప్పుడు, భుజం మీది గుడ్డ దించి, దాని కింద ఇంకొకాయన చెయ్యి పట్టుకుని, నోరు మెదపకుండా బేరం చేస్తుంటే చూసింది. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. ఆ దినం బేరం కుదిరిన సంతోషంలో ఆయనే చెప్పినాడు. "గుడ్డ కింద చెయ్యి పెట్టినోడు వేలన్నా పట్టాల, చెయ్యన్నా తీయాల. ఊరికే పెట్టుకోని కూచుంటే వాన్ని ఇంకోతూరి సంతలో ఎవరూ పిలవరు." మొగుడు ఆమెకు నేర్పిన మాట అదొక్కటే. తక్కినవన్నీ చేయమన్న మాటలే.

లేబర్ ఆఫీసులో చర్చలు మొదలైనాయి. వీరభద్ర పిలిచిన ప్రతిసారీ వచ్చినాడు. టీ తెప్పించినాడు. "మీరు నా అక్కచెల్లెండ్లు" అన్నాడు. ఒకసారి ఇంజనీరు రావాలన్నాడు. ఇంకోసారి మిల్లు సేటు ఊళ్ళో లేడన్నాడు. ఒకసారి తనకు అధికారమే లేదన్నాడు. ప్రతిసారీ, "ఏదీ, మళ్ళీ మొదట్నుంచీ చెప్పండమ్మా" అంటాడు. అదే ఈరక్కకు చచ్చేంత పని. అంతమంది మగాళ్ళ నడుమ, ఎట్లా కూర్చుంటారో, ఎవరు చూస్తారో, నెలసరి గుడ్డలు యాడ మార్చుకుంటారో, మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి. చెప్పినప్పుడల్లా ఆ బయల్లోనే మళ్ళీ కూర్చున్నట్టు ఉంటుంది. వాళ్ళు టీ తాగుతూ వింటారు. ఆమె టీ కూడా ముట్టదు. తాగితే మళ్ళీ యాడికి పోవాల?

మొన్నటి చర్చలో కూడా వీరభద్ర అదే అన్నాడు. "మొదట్నుంచీ చెప్పక్కా, ఒకతూరి."

ఈరక్క పక్కనున్న మూట ముందుకు లాక్కుంది. తాను రొట్టెలు కట్టుకొచ్చిన హనుమన్న భుజం గుడ్డను విప్పి, విదిలించి, బల్ల మీద పరిచింది. దాని కింద చెయ్యి పెట్టింది.

"వీరభద్రప్పా, నువ్వూ పెట్టు. ఎన్ని నెలల్లో కట్టిస్తారో అన్ని వేళ్ళు పట్టు. కట్టించేది లేదంటావా, చెయ్యి తీసెయ్. మేమూ మా దావ చూసుకుంటాం. ఊరికే మాత్రం పెట్టుకోని కూచోవద్దు."

వీరభద్ర పడీపడీ నవ్వినాడు. "ఏమక్కా, లేబరాఫీసును ఎద్దుల సంత చేస్తివే. నా కొమ్ములు కూడా కొలుస్తావా?"

లేబర్ ఆఫీసరు కూడా నవ్వు ఆపుకుంటూ, "అమ్మా, గుడ్డ తీయండి. ఇంకో తేదీ ఇస్తా" అన్నాడు.

"అయ్యా, ఇది మాట్లాడ్డమేనా?" అంది జమీలాబీ.

"పిలిస్తే వచ్చినాడు కదమ్మా. మాట్లాడలేదని నేనెట్ల రాసేది?"

ఈరక్క చెయ్యి కాసేపు గుడ్డ కిందే ఉండిపోయింది. చెమట పట్టింది. ఇంకో చెయ్యి రాలేదు. చెయ్యి తీసుకోవడానికి కూడా సిగ్గయింది.

ఇంటికి వచ్చేసరికి కబురు ముందే చేరింది. హనుమన్న గడప మీద కూర్చుని ఉన్నాడు.

"నా గుడ్డ తీస్కపోయి ఆపీసులో పరిస్తివంట. సంతలో నా మొగం ఎట్ల చూపించేది? ఆడదాని చెయ్యి గుడ్డ కింద ఎవడన్నా పట్టుకుంటాడా?"

"నువ్వు చెప్పిన మాటే కదప్పా."

"అది ఎద్దుల బేరానికి చెప్పింది. ఆడోళ్ళ దొడ్డికి కాదు." అంతలోనే మెత్తబడినాడు. "పోనీలే. సేటు తమ్ముడు నాకు తెలుసు. అడిగి చూద్దాంలే."

చూద్దాంలే. ఈరక్క గుడ్డ మడుస్తూ ఆ మాటనే తిప్పితిప్పి చూసుకుంది. ఇంటి వెనక మరుగుకు తడిక కట్టమన్నప్పుడూ ఇదే మాట. కూతుర్ని ఇంకా చదివిద్దామన్నప్పుడూ ఇదే మాట. చెయ్యి నొప్పెడుతోంది, నీళ్ళు ఒక బిందె నువ్వు తెచ్చిపెట్టమన్నప్పుడూ ఇదే. ఈయన ఏనాడూ కాదనలేదు. కాదన్నా బాగుండు, ఏడ్చి మరిచిపోయేది. కూతురు పెళ్ళయి పోయింది, తడిక లేనే లేదు, బిందె ఇంకా తన నడుం మీదే ఉంది. వీరభద్ర మీద వచ్చిన కోపం కూడా అప్పుడు తగ్గిపోయింది. వాని మీద కోపగించుకుని ఏం లాభం? ఇన్నేళ్ళుగా ఇంట్లోనే తన చెయ్యి గుడ్డ కింద ఒంటరిగా ఉండాది. ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు.

తెల్లారింది. రొట్టెలు కొట్టింది. నాలుక పిడచకట్టుకపోయింది. ఈరక్క బిందెలో చెంబు ముంచి, నిలబడే తాగింది. మళ్ళీ ముంచింది. గొంతు నీళ్ళను మరిచిపోయినట్టు మొదట పొలమారింది. ఆగి, మళ్ళీ తాగింది.

హనుమన్న పక్క మీదినుంచే చూస్తున్నాడు. "ఏమే, ఈపొద్దు మిల్లుకు పోవా?"

"పోతా."

"మరి ఇన్ని నీళ్ళు తాగితే ఎట్లా?"

ఈరక్క రొట్టెలు పాత చీరముక్కలో కట్టుకుంది. మడిచిన గుడ్డను ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఆఫీసు గది వాకిట్లో నిలబడతా. తాళం తీస్తే లోపలికి పోతా. తీయకుంటే ఆడనే కూచుంటా," అంటూ ఇంకో చెంబు ముంచింది.