టైలరు బావ కొన్న కారు

షెడ్డులో ఇంజనుని వేడెక్కించే హీటర్ ప్లగ్గులు నాలుగూ విప్పి గోనెపట్టా మీద వరసగా పేర్చుకుని, మేస్త్రీ ఒక్కొక్కదానికీ బ్యాటరీ వైరు తగిలించి చూస్తున్నాడు. మొదటిదాని కొన ఎర్రబారింది. రెండోదీ అంతే. మూడోది మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి, నాలుగోదాన్ని అందుకున్నాడు.

"దొరికిందా?" అన్నాడు బావ, రేకు స్టూలు మీద నుంచి మెడ సాచి.

"ఒకటి దొరికింది."

"ఒకటేంటి? ఎన్నుంటాయేంటి?"

"కొన్నది నువ్వు. నన్నడుగుతావేం బావా?"

బావ నవ్వబోయి మానేశాడు. వీధి మొదట్లో అతనిది చిన్న టైలరు కొట్టు. కొట్టు మూసి ఎక్కడికి వెళ్లినా కొలతల టేపు మెడలోనే ఉండిపోతుంది. ఎదుటి మనిషి మొహం కంటే ముందు భుజాలు చూస్తాడు. అలాంటివాడు కిందటి వారం ఎవరికీ చెప్పకుండా వెళ్లి, వయసు మళ్లిన డీజిల్ కారొకటి కొనుక్కొచ్చాడు. ఇంట్లో మెకానిక్‌ని పెట్టుకుని ఒక్క మాటైనా అడగకుండా ఎలా కొన్నావంటే, అతను చెప్పిన జవాబుకి మేస్త్రీకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

"సీటు కవర్లు చూశాన్రా. డబుల్ కుట్టు. ఎక్కడా దారం లేవలేదు. అంత శ్రద్ధగా సీట్లు కుట్టించినవాడు ఇంజను చూసుకోకుండా ఉంటాడా?"

సీట్లు నిజంగానే బాగున్నాయి. రంగూ కొత్తగా నిగనిగలాడుతోంది. కాని పొద్దున్నే తాళం తిప్పితే అరిచి అరిచి స్టార్టవుతుంది. తెల్లటి పొగ గుప్పున వదులుతుంది. వీధి మలుపు దాకా బుద్ధిగా వెళుతుంది. అక్కడ ఒకసారి దగ్గి, ఇంకోసారి దగ్గి, ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. పూర్తిగా చెడినదాన్ని బాగుచేయడం తేలికే. ఇలా ఉండి ఉండి చెడేదే ప్రాణం తీస్తుంది.

మేస్త్రీ కొత్త ప్లగ్గు బిగించాడు. ఈసారి ఇంజను పిలిస్తే పలికినట్టు అందుకుంది, పొగ సగం తగ్గింది. బావ లేచి నిలబడి టేపు సర్దుకున్నాడు. మాట్లాడకుండా ఉండమని మేస్త్రీ చెయ్యి ఎత్తాడు. ఇంజను తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు తడబడి, ఆగిపోయింది.

బావ కూర్చున్నాడు.

అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి అక్క. బావ స్పీకరు పెట్టాడు.

"ఏరా చిన్నోడా, బండెలా ఉంది?"

యాభై దాటినా మేస్త్రీ ఆమెకి చిన్నోడే. మేస్త్రీ చేతులు గుడ్డకి తుడుచుకుని, ఫోనుకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"కాస్త జలుబు చేసిందక్కా. తగ్గిపోద్ది."

"నాకంటే ఎక్కువా?" నవ్వింది. ఆ నవ్వు వెంటనే దగ్గులోకి దిగింది. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. "చూడూ, ఆ ఆసుపత్రి తెల్లబండి మాత్రం పిలవొద్దని మీ బావకి చెప్పు. అది వీధిలోకొచ్చిందంటే పొయ్యి మీద గిన్నె వదిలేసి మరీ చూస్తారు జనం. నేను మన కార్లో కూర్చుని వస్తా."

"నేనే తెస్తాగా."

"తెస్తావులే. నీకేం, మొండి ముండావాడివి." ఫోను పెట్టేసింది.

తల్లి పోయేనాటికి అతనికి మాటలు కూడా సరిగా రావు. అక్కకీ పెద్ద వయసేం లేదు. చంకనేసుకుని తిరిగింది, తను తినే ముద్ద వాడికి పెట్టి పెంచింది. బడిలో ఒకే తరగతిలో మళ్లీ మళ్లీ తప్పుతుంటే, చెయ్యి పట్టుకుని ఈ షెడ్డుకి తీసుకొచ్చింది. అప్పటి పాత మేస్త్రీతో, "తిట్టండి, కొట్టకండి" అని చెప్పి వదిలి వెళ్లింది. ఆయన అందులో సగం మాట బాగా నిలబెట్టుకున్నాడు. ఆ తిట్లలోనే పని వచ్చింది. ఆయన పోయాక షెడ్డూ ఇతనికే మిగిలింది. ఒకసారి పెళ్లి కుదిరింది. చివర్లో అటువాళ్లు ఏవో సాకులు చెప్పి తప్పుకున్నారు. మళ్లీ ఎవరూ కదపలేదు, ఇతనూ అడగలేదు. షెడ్డు వెనక గదిలో మంచం, బల్ల, గోడకి మేకు మీద రెండు చొక్కాలు. మధ్యాహ్నం అయ్యేసరికి అక్క ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది. ఆమె ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి అది రావడం లేదు. ఆకలేస్తే అతను టీ తాగుతున్నాడు.

మేస్త్రీ డీజిల్ ఫిల్టరు విప్పి అడుగున చేరిన నీళ్లు వంచేశాడు. కొత్తది వేశాడు. ఫిల్టరు నెత్తి మీదుండే చేతి పంపు నొక్కితే డీజిల్ ముందుకు రావాలి. వదిలితే బొడిపె పైకి లేవాలి. నొక్కాడు. వదిలాడు. అది లేవలేదు. చప్పిదవడలా లోపలికి అణిగి ఉండిపోయింది.

"వెనకెక్కడో పట్టేసింది" అన్నాడు.

"వెనకంటే?"

"ట్యాంకుకీ దీనికీ మధ్య."

బయట డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, చిన్న గొట్టంతో నేరుగా ఫిల్టరుకి కలిపి స్టార్ట్ చేశాడు. ఇంజను ఆగలేదు. ఎంతసేపు తిప్పినా ఆగలేదు. పొగ లేదు, తడబాటు లేదు. అతని మొహంలో పొద్దుటి నుంచి లేని వెలుగు వచ్చింది.

"ఇంజను బంగారంలా ఉంది బావా. పంపూ బాగానే ఉంది. నువ్వు కుట్టు చూసి కొన్నా నీ అదృష్టం బాగుంది. డీజిల్ అందక చస్తోందంతే. ఇవాళ్టికి వదిలెయ్, రేపు పొద్దున్నే ట్యాంకు దించి తీరుబడిగా చూద్దాం. నయమై వచ్చే మనిషికి ఒకరోజు అటూ ఇటూ అయితే ఏం పోయింది?"

బావ టేపు కొసని చూపుడువేలికి చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు.

"నయమై కాదురా."

మేస్త్రీ ఇంజను ఆపాడు.

"ఇంక చేసేదేం లేదన్నారు. ఇంటికి తీసుకెళ్లి ప్రశాంతంగా చూసుకోమన్నారు. సాయంత్రానికి మంచం ఖాళీ చెయ్యాలి."

రేకుల కప్పు మీద కాకి ఒకటి దబదబా నడిచి ఎగిరిపోయింది. మేస్త్రీ చేతిలో స్పానరు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచనట్టు అటూ ఇటూ చూసి, చివరికి జేబులో వేసుకున్నాడు.

"అక్కకి తెలుసా?"

"దానికి అందరికంటే ముందే తెలుసు. నాకే ఆలస్యంగా తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"వద్దంది. వాడికి చెబితే చేతులు వణుకుతాయి, పని చెయ్యలేడు అంది."

మేస్త్రీ చేతుల వంక చూసుకున్నాడు. గోళ్ల చుట్టూ ఏ సబ్బుకీ పోని నలుపు. వణకడం లేదు.

"టాక్సీ పిలుద్దాం బావా. ఇప్పుడీ పంతాలెందుకు?"

"అడిగాను. మన కారుండగా టాక్సీ ఏంటంది. వార్డులో అందరికీ చెప్పుకుందిరా, మా తమ్ముడు కారు తెస్తాడని. అసలు కారు కొనమన్నదీ అదే. బస్సు మెట్లు ఎక్కలేనప్పటి నుంచి అంటూనే ఉంది. ఇన్నాళ్లూ చూద్దాంలే, చూద్దాంలే అంటూ వచ్చాను."

మేస్త్రీ కారు కిందికి దూరాడు. ట్యాంకు పట్టీల బోల్టులు తుప్పు పట్టి మొండికేశాయి. ఒకటి తిరిగింది, ఒకటి విరిగింది. బావ చొక్కా విప్పి స్టూలు మీద పెట్టి, జీవితంలో మొదటిసారి నూనె నేల మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో ట్యాంకుని ఎత్తిపట్టాడు. సూదిలో దారం ఎక్కించే ఆ వేళ్ల మీద డీజిల్ కారి మోచేతుల దాకా వచ్చింది. ఇద్దరూ కలిసి ట్యాంకు దించారు. అడుగున జిగట మడ్డి. లోపలి జల్లెడ మూసుకుపోయి ఉంది. మేస్త్రీ కడిగాడు, గాలి కొట్టాడు, మళ్లీ కడిగాడు. ఇదే అనుకున్నాడు. బావ కూడా ఇదే అనుకున్నాడు. బిగించి స్టార్ట్ చేస్తే వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడే, ఎప్పటిలాగే ఆగిపోయింది.

ఇద్దరూ దాన్ని షెడ్డుకి తోసుకొచ్చారు. ఎండ వాలుతోంది.

ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని మేస్త్రీ పొద్దున్నే ఒకసారి ఊది చూశాడు. గాలి బాగానే పోయింది. ఇప్పుడు మళ్లీ ఊదాడు. పోయింది. విసుగొచ్చి పక్కన పడేయబోయి, ఏదో తట్టినట్టు ఆగి, నోట్లో పెట్టుకుని ఈసారి పీల్చాడు. గాలి రాలేదు. బుగ్గలు లోపలికి పోయాయి, అంతే. మళ్లీ ఊదాడు. పోయింది. పీల్చాడు. రాలేదు.

"బావా, కత్తి ఇటివ్వు."

రబ్బరు గొట్టాన్ని నిలువునా చీల్చాడు. పైకి పగులు లేదు, మచ్చ లేదు. లోపలి పొర మాత్రం ఊడి, నాలుకలా వేలాడుతోంది. ఇంజను డీజిల్ లాగిన ప్రతిసారీ ఆ నాలుకే వచ్చి దారి మూసేస్తోంది. ఇంజను ఆగి, లాగడం మానగానే మళ్లీ పక్కకి తప్పుకుంటోంది.

"ఇంతేనా?" అన్నాడు బావ. పొద్దుటి నుంచి పడ్డ పాటంతా ఆ ఒక్క మాటలో ఉంది.

"ఇంతే."

కొత్త గొట్టం వేశాక కారు వీధి మలుపు దాటింది. ఇంకో మలుపూ దాటింది. మేస్త్రీ తిరిగి వచ్చి, వెనక గదిలో మేకుకి ఉన్న రెండు చొక్కాల్లో మంచిది తొడుక్కున్నాడు.

ఆసుపత్రి మెట్ల దగ్గర అక్కని అతనే ఎత్తుకున్నాడు. ఒకప్పుడు తనని మోసిన మనిషి దుప్పటి మూటంత తేలిగ్గా ఉంది. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. బావ పక్కన కూర్చుని ఆమె తలని భుజానికి ఆనించుకున్నాడు. ఆమె సీటు కవరు మీద మెల్లగా వేలు పెట్టి రాసింది.

"కుట్టు బాగుంది" అంది.

"నే చెప్పలే?" అన్నాడు బావ.

మేస్త్రీ కారు పోనిచ్చాడు. ఇన్నేళ్లలో అతని చేతుల మీదుగా ఎన్ని కార్లు పోయాయో లెక్కే లేదు. కాని అవన్నీ బాగయ్యాయో లేదో చూడటానికి వీధి చివరిదాకా నడిపి వెనక్కి తిప్పినవే. స్టీరింగు పట్టుకుని ఒక చోటికని బయలుదేరింది లేదు. నెత్తి మీది అద్దంలో అక్క మొహం కొంచెం కనబడుతోంది. బయటికి చూస్తోంది. కొట్లు, గోడలు, సైకిళ్లు, ఆరేసిన బట్టలు. దేన్నీ వదలకుండా చూస్తోంది.

"గాలి రానియ్యి కాస్త" అంది. తనే చెయ్యి చాపి అద్దం దించే పిడి తిప్పింది. రెండు చుట్లు తిరిగి అది ఊడి చేతిలోకి వచ్చేసింది. దాన్ని ఎత్తి చూపించింది. "ఇదిగోరా చిన్నోడా, ఇంకోటి."

ముగ్గురూ నవ్వారు.

"దగ్గరుంచక్కా. ఇంటికెళ్లాక బిగిస్తా."

అద్దం దిగినంత మేర గాలి వస్తూనే ఉంది. ముందు వంతెన ఉంది. బరువుతో ఎత్తెక్కేటప్పుడే లోపం మళ్లీ బయటపడుతుంది. మేస్త్రీ ప్రాణాలన్నీ చెవుల్లో పెట్టుకున్నాడు. గేరు మార్చాడు. ఇంజను గొంతు బరువెక్కింది. ఎక్కడైనా తడబడుతుందా, ఒక్క దెబ్బయినా తప్పుతుందా అని, ఊపిరి కూడా తీసుకోకుండా విన్నాడు. తప్పలేదు. నడి వంతెన దాకా ఒకే ఊపున ఎక్కి, అవతలికి దిగింది.

"చూశావా అక్కా, ఎక్కేసింది!"

"పడుకుంది. మాట్లాడించకు" అన్నాడు బావ మెల్లగా.

మంచిదే అనుకున్నాడు మేస్త్రీ. కుదుపు రాకుండా గుంటలు తప్పిస్తూ, ఇంజను మీదే చెవి పెట్టి, ఇల్లు చేరేదాకా ఆ చప్పుడొక్కటే విన్నాడు. చాలా బాగా తిరుగుతోంది. తను చేసిన పనుల్లో ఇదే బాగా కుదిరిందనిపించింది.

ఇంటి ముందు ఆపాక కూడా తాళం తియ్యలేదు. ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదోనన్న భయం ఇంకా పోలేదు. దిగి వెనక తలుపు తియ్యబోతుంటే, బావ కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"ఇంజనాపు బావమరిదీ."

"కాసేపు తిరగనీ బావా, డీజిల్ సరిగ్గా..."

"ఆపరా."

మేస్త్రీ కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. అంతసేపూ ఆ చప్పుడు కింద ఉన్న నిశ్శబ్దం అప్పుడు వినబడింది. అక్క తల బావ భుజం మీదే ఉంది. కళ్లు సగం తెరుచుకుని, కిటికీ వైపే ఉన్నాయి. వంతెన మీదనా, దాని తర్వాతా, ఏ మలుపు దగ్గరన్నది ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

పక్కింటివాళ్లు వచ్చారు. మంచం బయట వేశారు. మేస్త్రీయే మళ్లీ ఎత్తుకున్నాడు. లోపల ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. బావ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని, మెడలో టేపుతో అలాగే నిలబడ్డాడు. చీకటి పడబోతుండగా ఎవరో దారికి అడ్డమని కారు జరపమన్నారు. మేస్త్రీ వచ్చి తాళం తిప్పాడు. ఒక్క పిలుపుకే అందుకుంది. గోడ పక్కకి చేర్చి, ఆపి, వెనక తలుపు సరిగా పడలేదని మళ్లీ తెరిచాడు.

అక్క కూర్చున్న చోట సీటు కొద్దిగా కుంగి ఉంది. ఆ గుంటలో, డబుల్ కుట్టుకి పక్కగా, అద్దం దించే పిడి పడి ఉంది.