ఆరు తీసెయ్

మార్చి పదకొండు, మంగళవారం, ఉదయం పదకొండున్నర. నేను రెండు వందల ఇరవై చూపించాను. మాబున్ని మేడమ్ రెండు వందల పద్నాలుగు అని చెప్పారు. ఎదురుగా సెలక్షన్ కమిటీ కూర్చుని ఉంది.

నేను ఒక వోల్టుమీటరుని. చెక్కపెట్టె, గాజు మూత, సున్నా నుంచి మూడు వందల దాకా గీతలు, ఒక ముల్లు. ముల్లు కింద ఒక స్క్రూ. కరెంటు లేనప్పుడు ముల్లు సున్నా మీద నిలబడకపోతే ఆ స్క్రూ తిప్పి నిలబెట్టాలి. నన్ను చేసినవాళ్లు దాన్ని అందుకే పెట్టారు. బొంబాయిలో తయారై, రైల్లో రాయలసీమ వచ్చి, ఈ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ విభాగం చేరాను. మెషీన్స్ ల్యాబులో మోటారు పక్క బల్ల నాది.

వచ్చిన రెండో ఏడు తిమ్మప్ప అనే రీసెర్చి విద్యార్థి నన్ను కింద పడేశాడు. గాజు పగల్లేదు. ముల్లు మాత్రం సున్నా వదిలి ఆరు దగ్గర నిలబడింది. తిమ్మప్ప స్క్రూడ్రైవర్ తెచ్చాడు. అప్పటి హెడ్డు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"రేయ్, తిప్పొద్దు. గవర్నమెంటు సొత్తు. నువ్వు చెయ్యి పెట్టినావంటే రేపు ఏది చెడిపోయినా నువ్వే చెడగొట్టినావంటారు."

"మరి ఎట్ల సార్?"

"ఎట్లేముంది? వచ్చిందాంట్లో ఆరు తీసెయ్."

అక్కడ మొదలైంది. నేను రెండు వందల ఇరవై ఆరు చూపిస్తే పిల్లలు రెండు వందల ఇరవై రాసుకునేవారు. కొన్నేళ్లకు అది వైవాలో ప్రశ్న అయింది. ఈ మీటరుకు ఎంత తీసెయ్యాల? ఆరు సార్. మార్కు పడేది. స్క్రూ తిప్పడానికి అర నిమిషం చాలు. తిప్పకుండా ఎలా బతకాలో నేర్పడానికి వీళ్లు ఒక తరం ఖర్చు పెట్టారు. తప్పు చూపించే నన్ను బాగు చెయ్యకుండా, తప్పు లేని లెక్కలు ఎలా రాస్తున్నారో నాకు అంతుపట్టేది కాదు.

తిమ్మప్ప లెక్చరర్ అయ్యారు, ప్రొఫెసర్ అయ్యారు, హెడ్డు అయ్యారు. మాబున్ని ఆయన దగ్గరే చదివింది. వైవాలో ఆరు అని చెప్పి మార్కు తెచ్చుకుంది. పీహెచ్‌డీ అయ్యాక ఇదే ల్యాబులో గెస్టు ఫ్యాకల్టీగా చేరి మాబున్ని మేడమ్ అయ్యారు. ప్రతి జూన్‌లో కొత్త ఆర్డరు వస్తేనే ఆమెకు ఆ ఏడాది ఉద్యోగం. తొమ్మిదేళ్లు అలాగే నడిచింది. చివరికి విభాగంలో ఒక పర్మనెంటు పోస్టుకు ప్రకటన పడింది. నవంబరు దాటితే ఆమెకు దరఖాస్తు చేసే వయసు దాటిపోతుంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. అభ్యర్థి కమిటీ ముందు మాట్లాడితే చాలదు. ల్యాబుకొచ్చి, మోటారు నడిపి, రీడింగు తీసి పాఠం చెప్పాలి. కమిటీ వస్తుందని మెషీన్లన్నిటికీ రంగులు వేయించారు. కర్నూలు నుంచి ఒక రిపేరు మనిషిని పిలిపించారు. అతను నా గాజు తుడిచి, ముల్లు చూసి, స్క్రూ తిప్పి సున్నా మీద నిలబెట్టి, టీ తాగి వెళ్లిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పని చేశానని అతను అనుకుని ఉండడు.

మరుసటి రోజు మాబున్ని మేడమ్ నా మీద రెండు వందల ఇరవై చూసి, పద్నాలుగు అని చెప్పారు.

బయటి నుంచి వచ్చిన నిపుణుడు కూర్మనాథం గారు ముందుకు వంగారు. "పద్నాలుగా? అదెలాగండీ?"

"ఈ మీటరుకు ఆరు తీసెయ్యాల సార్."

తిమ్మప్ప సార్ తలూపారు. "కరెక్టే సార్. మా ల్యాబులో ఎవర్నైనా అడగండి."

"ల్యాబును ఎందుకండీ, మీటర్నే అడుగుదాం. సప్లై ఆపండి."

ఆపారు. నా ముల్లు సున్నా మీద ఆగింది. మేడమ్ నా దగ్గరికొచ్చి చూశారు. తిమ్మప్ప సార్ కళ్లద్దాలు తుడుచుకుని చూశారు. ఇన్నేళ్లూ నేను అబద్ధం చెబితే వీళ్లు దిద్దుకున్నారు. నిజం చెప్పిన రోజున కూడా దిద్దారు. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

తర్వాతి అభ్యర్థి వంశీధర్ రెండు వందల ఇరవై అన్నాడు.

"ముందు సున్నా చూశావా నాయనా?" అని కూర్మనాథం గారు అడిగారు.

"లేద్సార్. కనిపించింది చెప్పినా."

ఒకరు ఆలోచించి తప్పు చెప్పారు. ఒకరు ఆలోచించకుండా ఒప్పు చెప్పారు. ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో కమిటీకీ తెలియలేదు. తగినవారు లేరని రాసి సంతకాలు చేశారు.

జూన్‌లో మళ్లీ ప్రకటన పడింది. కమిటీ వచ్చే రోజు పొద్దున తిమ్మప్ప సార్ ఒక్కరే ల్యాబుకొచ్చారు. అటూ ఇటూ చూశారు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి నా స్క్రూ తిప్పారు. ముల్లును తెచ్చి ఆరు దగ్గర నిలబెట్టారు.

"ఈసారి ఆ పిల్ల మాట తప్పు కాకూడదు," అని నాతోనే అన్నారు.

గవర్నమెంటు సొత్తు మీద ఆయన చెయ్యి వెయ్యడం అదే మొదలు.

పదింటికి కమిటీ కూర్చుంది. మళ్లీ కూర్మనాథం గారే వచ్చారు. మేడమ్ మోటారు దగ్గరికి పోలేదు. నా ముందుకొచ్చి నిలబడ్డారు.

"సార్, సప్లై ఇవ్వకముందు మీటరు చూస్తా."

చూశారు. ఆరు. తిమ్మప్ప సార్ వైపు తిరిగారు. ఆయన కిటికీ బయటికి చూస్తున్నారు. ఆయన చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ పిడి కనిపిస్తోంది. మేడమ్ కాసేపు దాన్నే చూశారు. ఆరు తీసేస్తే ఈసారి లెక్క సరిపోతుంది.

ఆమె చెయ్యి చాపారు. "సార్, అదిట్లియ్యండి."

"ఎందుకమ్మా? ఆరు తీసేస్తే పోలేదా? గవర్నమెంటు సొత్తు..."

"ఇవ్వండి మాస్టారూ, తిప్పనివ్వండి," అన్నారు కూర్మనాథం గారు.

తిమ్మప్ప సార్ ఇచ్చారు. మేడమ్ ముల్లును సున్నా మీద నిలబెట్టి, సప్లై ఇచ్చి, రెండు వందల ఇరవై చదివారు.

"ఇప్పుడెంత తియ్యాలమ్మా?" అని కూర్మనాథం గారు అడిగారు.

"ఏం తియ్యక్కర్లేదు సార్."

ఆగస్టు నాలుగున మాబున్ని మేడమ్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరారు. స్క్రూడ్రైవర్ ఇప్పుడు నా పక్కనే, బల్ల మీద ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం తిమ్మప్ప సార్ ల్యాబుకొచ్చారు. మోటారు నడుస్తోంది. నేను రెండు వందల ఇరవై చూపిస్తున్నాను. ఆయన వంగి చూసి, రెండు వందల పద్నాలుగు అని రాసుకుని వెళ్లారు.